చెవిలో గైడు, ఎదురుగా కుంతాల

గైడు లేకుండా జలపాతాన్ని చూడటమంత బాధ్యత లేని పని ఇంకొకటి లేదు!

మీరే ఆలోచించండి. నీళ్లు పైనుంచి కిందికి పడుతుంటాయి. మీరు కింద నిలబడి పైకి చూస్తుంటారు. పక్కన ఎవరూ ఏమీ చెప్పరు. అవి పైనుంచే పడుతున్నాయని మీకెలా తెలియాలి? ఎంతసేపు చూడాలో, ఎప్పుడు 'అబ్బ' అనాలో, ఏ రాయి పక్కన నిలబడితే ఫొటోలో పొట్ట కనిపించదో ఎవరు చెప్పాలి? పాతకాలం వాళ్లు జలపాతం ముందు నోరు తెరుచుకుని గంటలకు గంటలు అలా నిలబడిపోయేవారు. పాపం, వాళ్లకు గైడు లేడు మరి!

మనకా దుర్గతి తప్పింది. ఆదివారం పొద్దున ఐదున్నరకు పంజాగుట్ట మెట్రో స్టేషన్ కిందికి వెళ్తే చాలు, 'చినుకు ఎక్స్‌పీరియెన్సెస్' వారి మినీబస్సు ఆగి ఉంటుంది. స్మాల్ గ్రూప్ గైడెడ్ టూర్! పన్నెండు మందే. పన్నెండు నారింజ రంగు టోపీలు, పన్నెండు ఇయర్‌ఫోన్లు, ఒక గైడు.

ఇందులోని గొప్పదనం ఇంకా తలకెక్కని వారు అమీర్‌పేట విజయేందర్‌కు ఏం జరిగిందో వినాలి.

విజయేందర్‌ది అమీర్‌పేటలో ఒక సందు, ఆ సందులో ఒక మూడో అంతస్తు, ఆ అంతస్తులో ఒక మైకు. పందొమ్మిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ పిల్లలకు జావా చెబుతున్నాడు. బ్యాచికి రెండు వందల మంది, రోజుకు మూడు బ్యాచులు. చెప్పడం ఆయనకు ఉద్యోగం మాత్రమే కాదు, ఊపిరి. ఆటో ఎక్కితే డ్రైవరుకు ట్రాఫిక్ ఎందుకు ఆగిందో చెబుతాడు. బల్కంపేట ఎల్లమ్మ గుడికి వెళ్తే లైను ఎలా పెట్టాలో పూజారికి చెబుతాడు. ఇంట్లో ఉప్మా తింటూ ఉప్మా అంటే ఏమిటో భార్య సంగీతకు చెబుతాడు. ఆ ఉప్మా చేసింది సంగీతే!

అంత వాడిన గొంతు ఊరుకుంటుందా? ఒక గురువారం పొద్దున బ్యాచిలో మాట మధ్యలో పుటుక్కున ఆగిపోయింది. పంజాగుట్టలో చెవి ముక్కు గొంతు డాక్టరు లోపలికి లైటు వేసి చూసి, స్వరతంత్రుల మీద బొబ్బలున్నాయన్నారు.

"పది రోజులు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. గుసగుస కూడా వద్దు. మాట్లాడారో, ఆపరేషనే."

విజయేందర్ ముఖం పాలిపోయింది. సంగీత ముఖంలో కనిపించింది ఆందోళనో మరేమిటో డాక్టరుకు అంతుపట్టలేదు. ఆమె మాత్రం రెండుసార్లు అడిగింది.

"పది రోజులు పక్కానా డాక్టర్?"

మర్నాడు లక్డీకాపూల్‌లోని తన సర్కారు ఆఫీసు నుంచి వచ్చీ రాగానే, ఆదివారం కుంతాల జలపాతానికి రెండు సీట్లు బుక్ చేశానని చెప్పింది సంగీత. "నీళ్ల చప్పుడు వింటె గొంతుకు మంచిదట," అంది. వినేది చెవి, చెడింది గొంతు, రెంటికీ తేడా ఉందని విజయేందర్ ఫోనులో మూడు పేరాలు టైపు చేశాడు. తలెత్తి చూస్తే ఆమె వంటింట్లో ఉంది.

ఆదివారం బస్సెక్కగానే గైడు ఆయన కాళ్ల మీద పడబోయాడు.

"విజయేందర్ సార్! నేను వివేక్‌ని సార్! ఆరేళ్ల క్రితం మీ ఈవెనింగ్ బ్యాచ్! ఈరోజు ఇలా ఉన్నానంటే మీ వల్లే సార్!"

విజయేందర్ ఛాతీ ఉబ్బింది. ఏ కంపెనీలో చేస్తున్నావని చేతులతో అడిగాడు.

"అయ్యో, జావా ఒక్క ముక్క రాలేదు సార్. ఆగకుండా మాట్లాడటం మాత్రం వచ్చేసింది!"

ఇలాంటి శిష్యుడు ఎంతమందికి దొరుకుతాడు చెప్పండి?

బస్సు కదిలింది, వివేక్ మొదలుపెట్టాడు. కంపెనీ వాళ్లిచ్చిన ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుంటే బయటి చప్పుడు చాలావరకు వినిపించదు. మీరు బస్సులో ఉన్నా, బండరాయి మీద ఉన్నా, బాత్రూమ్‌లో ఉన్నా వివేక్ మీ చెవిలోనే ఉంటాడు. మేడ్చల్ దాటేలోపు ఫ్లైఓవర్ అంటే ఏమిటో చెప్పాడు. కామారెడ్డిలో ఇడ్లీ తింటుంటే ఇడ్లీ గురించి చెప్పాడు. "మీ ఎడమ వైపు ఆకుపచ్చగా కనిపిస్తున్నది వరి," అన్నాడు. ముందు సీట్లో కూర్చున్న వీర్రాజు గారు రాజమండ్రి పక్క ఊళ్లో ముప్ఫై ఏళ్లు వరి పండించి, రిటైరయ్యాక ఎస్సార్ నగర్‌లో ఫ్లాటు కొనుక్కున్న మనిషి. ఆయన "ఓహో!" అంటూ ఎడమ వైపు తిరిగి చూశారు. ఆయన భార్య కుసుమకుమారి గారు ఫొటో కూడా తీశారు.

సోన్ దగ్గర గోదావరి వంతెన వచ్చింది. ఆ నది ఒడ్డునే పుట్టి, అందులోనే ఈత నేర్చుకున్న వీర్రాజు గారు చెయ్యెత్తారు.

"ఏవండీ గైడు గారూ, ఇది మా గోదావరేనంటారా?"

"డౌట్స్ లాస్ట్‌లో సార్!" అన్నాడు వివేక్.

విజయేందర్ ఉలిక్కిపడ్డాడు. ఆ మాట తనది! మాటే కాదు, 'లాస్ట్‌లో' దగ్గర ఆ సాగదీత కూడా తనదే! ఆ తర్వాత ఒక్కొక్కటీ తెలిసొచ్చాయి. "ఇది చాలా ఇంపార్టెంట్, మళ్లీ చెప్పను" అని చెప్పి మూడుసార్లు చెప్పడం తనది. "అర్థమైందా?" అని అడిగి, జవాబు వచ్చేలోపే "గుడ్" అనుకోవడం తనది. ఈ వింత భార్యతో పంచుకుందామని పక్కకు తిరిగితే, సంగీత ఇయర్‌ఫోను ఎప్పుడో తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

నిర్మల్‌లో టీకి ఆగినప్పుడు ఆమె డ్రైవరు రాజనర్సయ్య దగ్గరికి వెళ్లి ఏదో అడిగింది. అతను చెయ్యి చాపి కలెక్టరాఫీసు వైపు ఏదో చూపించాడు. విజయేందర్ చెవిలో వివేక్ టీ ఆకు చరిత్ర చెబుతున్నాడు కాబట్టి, వాళ్ల మాటలు ఆయనకు వినిపించలేదు.

పదకొండున్నరకు కుంతాల చేరారు. కిందికి దిగడానికి నాలుగు వందల మెట్లు. జలపాతం దగ్గర వారికి కేటాయించిన సమయం నలభై ఐదు నిమిషాలు. అందులో పావుగంట అవగాహన సెషన్. "అందరూ నా వైపు తిరగండి!" అన్నాడు వివేక్. అందరూ తిరిగారు. అంటే జలపాతానికి వీపు పెట్టారన్నమాట. ఆ పైన గ్రూప్ ఫొటో. కెమెరా అటువైపు ఉంది కాబట్టి మళ్లీ జలపాతానికి వీపే. తర్వాత డ్రోన్ వీడియో, అందరూ తలెత్తి డ్రోనుకు చేతులూపడం. ఆ తర్వాత ఫీడ్‌బ్యాక్ ఫారం, అందరూ తల దించి ఫోనుల్లోకి చూడటం.

మరి జలపాతపు హోరు వినబడాలా, వద్దా? కంపెనీ వాళ్లు అంత తెలివితక్కువ వాళ్లా! వివేక్ ఒక బటన్ నొక్కాడు. పన్నెండు ఇయర్‌ఫోన్లలో జలజలమని నీళ్ల చప్పుడు మొదలైంది.

"ఇది స్టూడియో రికార్డింగ్ అండీ. ఇక్కడి సౌండ్ గాలిని బట్టి కాస్త ఎక్కువా తక్కువా అవుతుంటుంది, నా వాయిస్‌కి అడ్డొస్తుంది."

కుసుమకుమారి గారు పులకించిపోయారు. "ఏవండీ, అచ్చం జలపాతంలాగే ఉంది కదండీ!"

అంతలో టైమైపోయింది. తిరిగి నాలుగు వందల మెట్లు. విజయేందర్ రొప్పుతూ ఎక్కాడు. సంగీత తనకంటే ముందే కుసుమకుమారి గారితో కలిసి ఎక్కుతోందనుకున్నాడు. పైన వివేక్ టోపీలు లెక్కపెట్టాడు. పన్నెండు టోపీలు! బస్సు కదిలింది.

కిలోమీటరు దాటాక విజయేందర్ పక్క సీటు వైపు చూశాడు. సీటు మీద టోపీ ఉంది. టోపీ కింద సంగీత లేదు.

ముందు సీట్లోంచి కుసుమకుమారి గారు చూసి నొచ్చుకున్నారు. "ఇప్పుడే వస్తాను, కాస్త పట్టుకోమని నాకిచ్చారండీ ఆ టోపీ. ఎక్కేశారేమో అనుకుని సీట్లో పెట్టాను."

విజయేందర్ సీట్లోంచి లేచాడు. వానాకాలపు నీళ్లు, నాచు పట్టిన బండలు! చెయ్యెత్తాడు.

"డౌట్స్ లాస్ట్‌లో సార్!" అన్నాడు వివేక్ చిరునవ్వుతో.

రెండు చేతులూ ఎత్తాడు. "చూశారా, సార్‌కి ఎంత ఉత్సాహమో!" అని వివేక్ తక్కినవాళ్లకు చూపించాడు. ఫోనులో 'నా భార్య' అని టైపు చేసి ముఖం ముందు పెట్టాడు. "రివ్యూ హైవే ఎక్కాక సార్, ఇక్కడ సిగ్నల్ రాదు," అన్నాడు వివేక్, ఆ అడవిలో ఏయే చెట్లున్నాయో చెప్పడం ఆపకుండానే. అరవొచ్చు. అరుద్దామనే నోరు తెరిచాడు విజయేందర్. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

పందొమ్మిదేళ్లుగా తన క్లాసులో పైకి లేచిన చేతులు ఎన్ని వందలో! వాళ్లందరూ ఏమడగబోయారో ఆయనకు ఒక్కటీ తెలియదు.

పరుగున డ్రైవరు దగ్గరికి వెళ్లాడు. బస్సు మొత్తానికి వివేక్ కాక చెవిలో ఏమీ లేని మనిషి రాజనర్సయ్య ఒక్కడే. విజయేందర్ నుదుటి మీద బొట్టు పెట్టినట్టు చూపించాడు, ఖాళీ సీటు చూపించాడు, వెనక రోడ్డు చూపించాడు.

"ఏంది సార్? వాంతులైతున్నయా?" అన్నాడు రాజనర్సయ్య. మరుక్షణం అద్దంలో సీటు చూశాడు. "అమ్మ! అమ్మ ఎక్కలేదా? అరె దేవుడా!"

బ్రేకు పడింది. బస్సు మళ్లింది.

"అన్నా, లంచ్ స్లాట్ పోతుంది!" అన్నాడు వివేక్.

"లంచు ఏడికి పోతది తమ్మీ? అమ్మ పోతె దొరుకుతదా?"

బస్సు ఆగకముందే విజయేందర్ దూకాడు. ఇయర్‌ఫోను పీకి పడేసి మెట్ల వెంట పరుగెత్తాడు. సగం దిగాక ఏదో తేడా తెలిసింది. ముందు చెవికి కాదు, కాలికి తెలిసింది. మెట్టు వణుకుతోంది. ఇంకా దిగితే ఆ వణుకు మోకాళ్లలోకి, పక్కటెముకల్లోకి ఎక్కింది. చివరి మలుపులో చెవులు నిండిపోయాయి. ఇందాక ఇయర్‌ఫోనులో విన్న జలజల ఎక్కడ, ఇది ఎక్కడ! ఒక పెద్ద గొంతు, ఎవరికీ ఏమీ వివరించకుండా, ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగకుండా మోగుతోంది. ఆ హోరులో భార్యను ఎలా పిలవాలో తెలియక ఆయన బండల మధ్య పిచ్చివాడిలా తిరిగాడు.

హద్దు తాడుకు చాలా ఇవతల, ఒక పెద్ద బండ చాటున కూర్చుని సంగీత జామకాయ తింటోంది.

"వచ్చినవా? కూసో," అంది. "తప్పిపోలే. దాక్కున్న."

ఆయన నోరు తెరిచాడు.

"డాక్టర్ ఏమన్నడు?"

నోరు మూశాడు. కూర్చున్నాడు. ఆ హోరులో వినబడటానికి ఆమె ఆయన చెవి దగ్గరకు జరిగింది.

"ఆరేండ్ల కింద నాకు ప్రమోషన్ వచ్చింది, యాదికున్నదా? నీకు చెప్పబోతే బోర్డు మీద గీసినవ్. ఇటు లాభాలు, అటు నష్టాలు. గంటన్నర. ఆఖరుకు నేనే వద్దనుకున్నట్టు నాకే చెప్పినవ్. నేను సుత నిజమే కావచ్చు అనుకున్న."

విజయేందర్ ఆమె చేతి వైపు చూశాడు. మాట్లాడేటప్పుడు ఆమె ఎడమ చెయ్యి చిన్నగా తిరుగుతుందని ఇన్నేళ్ల కాపురంలో ఇప్పుడే గమనించాడు.

"మళ్ల వచ్చింది. సూపరింటెండెంట్ పోస్టు, నిర్మల్‌ల. నెల రోజుల సంది చెప్దామని చూస్తున్న. నేను 'నిర్మల్' అన్ననో లేదో, నువ్వు కొయ్యబొమ్మల గురించి అరగంట చెప్పినవ్. నీ గొంతు పోయిన నాడు అనుకున్న, గీ పది రోజులల్లనే చెప్పేయాలె అని. ఇంట్ల చెప్తే బోర్డు తెచ్చి రాస్తవ్. నీళ్ల కాడైతే ప్రశాంతంగ ఉంటదని ఈడికి తెచ్చిన. తీరా చూస్తే గా పిలగాడు నీకన్న ఎక్కువైండు! అందుకే దాక్కున్న. నువ్వొక్కనివే ఎతుక్కుంట వస్తవని తెలుసు."

జామకాయ ఒక ముక్క కొరికింది.

"శుక్రవారమే ఒప్పుకుంటున్ననని రాసిచ్చిన. బుధవారం జాయినింగ్. ఆడ కిరాయికి ఒక గది సుత చూసుకున్న. నిన్ను అడుగుత లేను. చెప్తున్న."

విజయేందర్‌లో పదకొండు పాయింట్లు లేచాయి. కొన్నింటికి ఉప పాయింట్లు కూడా ఉన్నాయి. అన్నీ గొంతు దాకా వచ్చి నిలబడ్డాయి. బయటికి దారి లేదు, ఎదురుగా ఆ హోరు. అయిదో పాయింటు దగ్గరికి వచ్చేసరికి ఆరోది ఏమిటో మరిచిపోయాడు. ఆరోది లేకపోతే మొదటిది కూడా అంత ముఖ్యమనిపించలేదు. ఆమె నిర్మల్‌లో అద్దె గది చూసుకుంది, డ్రైవరును అడిగి ఆఫీసు ఎటో తెలుసుకుంది, ఇదంతా ఒంటరిగా చేసుకుంది. అది మాత్రం గుచ్చుకుంది.

తల ఊపాడు. ఆమె మిగిలిన సగం జామకాయ ఆయన చేతిలో పెట్టింది. ఇద్దరూ అలా నీళ్లను చూస్తూ ఉండిపోయారు.

పైన రాజనర్సయ్య ఒకసారి కిందికి తొంగిచూసి, వెళ్లి బస్సు బానెట్ ఎత్తాడు. "ఇంజను వేడెక్కింది. అర్ధగంట పడతది," అని ప్రకటించాడు. అదే సమయానికి వివేక్ మైకు చార్జింగు కూడా అయిపోయింది.

అప్పుడు చూడాలి ఆ పదిమంది అవస్థ! అర్ధగంట, చెవిలో ఎవరూ లేరు, కింద జలపాతం. కొందరు టోపీలు సర్దుకున్నారు. ఒకాయన జలపాతం వైపు చూడబోయి, చెప్పకుండా చూడొచ్చో లేదోనని ఆగిపోయాడు.

"ఏవండీ, మరిప్పుడు మేమేం చెయ్యాలండీ?" అని వీర్రాజు గారు దీనంగా అడిగారు.

వివేక్‌కూ తెలియదు. ముప్ఫై సార్లు ఇక్కడికి వచ్చాడు కానీ, జలపాతం ముందు ఊరికే నిలబడాల్సిన పరిస్థితి అతనికీ ఎప్పుడూ రాలేదు.

ఆ రాత్రికి కంపెనీకి వచ్చిన రివ్యూలు ఇలా ఉన్నాయి. 'గైడు అర్ధగంట ఏమీ చెప్పలేదు.' 'జలపాతం ముందు ఒంటరిగా వదిలేశారు, చాలా భయం వేసింది.' 'ఒరిజినల్ సౌండు రికార్డింగు అంత క్లియర్‌గా లేదు.'

బుధవారం సంగీత నిర్మల్‌లో చేరింది. సూట్‌కేసు మోసింది విజయేందరే, ఒక్క మాట లేకుండా. పదకొండో రోజు డాక్టరు మాట్లాడొచ్చని చెప్పారు. ఆయన మెట్లు దిగుతూనే ఫోను చేశాడు.

"ఎట్లున్నది ఆఫీసు?"

అటువైపు ఆమె చెప్పడం మొదలుపెట్టింది. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. ఇటువైపు చప్పుడు లేకపోయేసరికి అనుమానం వచ్చింది.

"గొంతు ఇంక తగ్గలేదా ఏంది?"

"తగ్గింది. చెప్పు."

మూడో అంతస్తులో మాత్రం కథ వేరుగా నడిచింది. క్లాసులో ఒక లెక్క ఇచ్చి, పది నిమిషాలు మైకు ఆపి, చేతులెత్తిన వాళ్ల దగ్గరికి నడిచి వెళ్లడం మొదలుపెట్టాడు విజయేందర్. మూడో రోజే ఇన్‌స్టిట్యూట్ మేనేజర్ కృష్ణమోహన్ పిలిపించాడు.

"సార్, మీరు నడుమ నడుమ ఆగుతున్నరట. పిల్లలు కంప్లెయింట్ ఇచ్చిండ్రు. వాళ్లు వినడానికి వస్తరు సార్. ఆలోచించుడు ఏమన్నుంటె హాస్టల్‌కు పోయి చేసుకుంటరు."

విన్నారా? ఎంత మంచి మాట! చూడటానికి జలపాతం దాకా వెళ్లినవాడికి చూసే తీరిక ఇవ్వకూడదు. నేర్చుకోవడానికి వచ్చినవాడికి నేర్చుకునే సందు ఇవ్వకూడదు. ఇంట్లో మనిషి నోరు తెరిస్తే, ఆమె ఏమనబోతోందో ఆమె కంటే ముందు మనమే చెప్పేయాలి. నోరున్నవాడు చెప్పాలి, చెవులున్నవాడు వినాలి. ఎదురుగా ఉన్నదేమిటో మాత్రం ఎవరూ చూడకూడదు!

విజయేందర్ మేనేజరుతో వాదించలేదు. పది నిమిషాలను ఏడు చేశాడు, అంతే.

చినుకు వాళ్లు రివ్యూలన్నీ శ్రద్ధగా చదివారు. లోపం ఎక్కడుందో కనిపెట్టారు. మౌనం వల్ల జనానికి ఇబ్బంది అవుతోంది, అయితే మౌనం ఇప్పుడు ఫ్యాషన్ కూడా. దాంతో నెల తిరిగేసరికి కొత్త ప్యాకేజీ వచ్చింది: 'గైడెడ్ సైలెన్స్, కుంతాల.'

అక్టోబరులో ఒక శనివారం విజయేందర్ ఆర్టీసీ బస్సులో నిర్మల్ చేరాడు. ఆదివారం ఇద్దరూ ఆటో మాట్లాడుకుని జలపాతానికి వెళ్లారు. కింద పన్నెండు నారింజ టోపీలు వరుసగా కూర్చుని ఉన్నాయి. కళ్లు మూసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో. కాస్త దూరంలో వివేక్ మైకు పెదవులకు ఆనించుకుని మెల్లగా చెబుతున్నాడు.

"ఇప్పుడు మనం మౌనంగా ఉన్నాం... మౌనం మూడు రకాలు... మొదటి రకం చాలా ఇంపార్టెంట్..."

విజయేందర్ పెదవులు కదిలాయి. సంగీత ఆయన వైపు చూసింది. ఆయన ఒక మంచి బండ చూసి, తన రుమాలుతో తుడిచి, ఆమెకు చోటిచ్చి పక్కన కూర్చున్నాడు.

వరుసలో చివర వీర్రాజు గారున్నారు. రెండోసారి వచ్చారు. ముఖంలో ఎక్కడ లేని శాంతి. ఉన్నట్టుండి ఆయన నుదురు ముడిపడింది. కళ్లు తెరవకుండానే చెయ్యెత్తి, గట్టిగా అడిగారు.

"గైడు గారూ! మౌనం బ్రహ్మాండంగా ఉందండీ. ఆ నీళ్లు కాస్త ఆపించండి, మీ మాట సరిగ్గా వినబడటం లేదు!"